మంత్రి గారూ, మా అమ్మాయికి కాస్త మంచు ఇప్పించండి

గౌరవనీయులైన క్రీడా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా అమ్మాయి మంచు మీద ఎగురుతూ, తిరుగుతూ విన్యాసాలు చేసే ఫిగర్ స్కేటర్ అని మీకు తెలుసు. జాతీయ పోటీల్లో పతకం తెచ్చినప్పుడు మీరే శాలువా కప్పారు. హైదరాబాద్‌లోనే పెద్ద రింక్, అంటే స్కేటింగ్ చేసే మంచు మైదానం, కట్టిద్దామని మైకులో అన్నారు. శాలువా బీరువాలో భద్రంగా ఉంది. రింక్ జాడ మాత్రం లేదు. అర్జీ ఇచ్చాం, దాన్ని గుర్తుచేస్తూ ఇంకో అర్జీ ఇచ్చాం. అందినట్లు ముద్ర వేసి ఇవ్వడంలో మీ సిబ్బందికి ఎలాంటి లోటూ లేదు. అంతకుమించి సరైన జవాబు రాకపోవడంతో అందరూ చదివేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

"ఈ ఎండల్లో మంచు ఆటలేమిటమ్మా?" అని ఒక అధికారి నవ్వారు. మనీలాలో మనకన్నా చలి ఎక్కువా? అక్కడ మాల్‌లోని రింక్‌లో నేర్చుకున్న మైకేల్ మార్టినెజ్ 2014 సోచి ఒలింపిక్స్‌కు వెళ్లి ఫైనల్ దశలో స్కేటింగ్ చేశాడు. 2018లో మలేషియా కుర్రాడు జూలియన్ యీ కూడా వెళ్లాడు. మనకు ప్రతిభ లేదంటారా? చక్రాల స్కేట్ల మీద ఇలాంటి విన్యాసాలే చేసి 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చిన అనూప్ కుమార్ యామ మన హైదరాబాద్ వాడే.

అంతర్జాతీయ రింక్ అంటే 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మా అమ్మాయికి ఇక్కడ దొరికేది పిల్లల పుట్టినరోజు పార్టీలు జరిగే చిన్న మంచు గది. వేగం అందుకునేలోపే గోడ వస్తుంది. యాక్సెల్ జంప్ ముందుకు చూస్తూ ఎగరాల్సినది, ఎదురుగా అద్దె స్కేట్లతో తూలుతున్న పిల్లాడుంటే ఎలా ఎగురుతుంది? అందుకే మేడ మీద బూట్లతో గాలిలో తిరగడం, ఒకే వరుసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లతో సిమెంటు మీద సాధన, సెలవులొస్తే గురుగ్రామ్‌లోని రింక్‌కు ప్రయాణం. అక్కడ జనం రాకముందే, తెల్లవారుజామున, గంటల లెక్కన మంచు అద్దెకు తీసుకోవాలి. కోచ్ ఫీజు వేరు.

బ్లేడ్ల సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు. స్కేటు బ్లేడు అడుగున నిలువునా సన్నని గాడి ఉంటుంది, దానికి ఇటొకటి అటొకటి అంచులు. లోపలి అంచు మీంచి ఎగిరితే ఫ్లిప్ అనే జంప్, బయటి అంచు మీంచి ఎగిరితే లుట్జ్ అనే జంప్. అంచు తప్పితే మార్కులు పోతాయి. ఆ గాడి చెడకుండా పదును పెట్టే యంత్రం మాకు అందుబాటులో లేదు. కత్తులకు సానపట్టే ఆయన దగ్గరికి తీసుకువెళితే, పాపం మంచి మనసుతోనే, "మధ్యలో అరిగిపోయిందమ్మా, సమంగా చేసిస్తాను" అన్నాడు. చేతిలోంచి లాక్కుని వచ్చేశాను. ఇప్పుడు బ్లేడ్లు కొరియర్‌లో ఉత్తరాదికి వెళ్లి రావాలి. అవి వచ్చేదాకా అమ్మాయి ఖాళీ.

డెహ్రాడూన్ పేరు చెప్పకండి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ కట్టిన రింక్ ఆ ఆటలయ్యాక ఏళ్ల తరబడి మూతపడింది. 2025లో మళ్లీ తెరిచారు, సంతోషం. కానీ స్కేటర్‌కు మంచు రోజూ కావాలి, శిబిరాలప్పుడు మాత్రమే కాదు. మన దేశం తరఫున ఆడుతున్న తారా ప్రసాద్ పుట్టిందీ, శిక్షణ పొందుతున్నదీ అమెరికాలో. ఆమె మనకు ఆడటం గర్వకారణమే. మరి ఇక్కడ పుట్టిన పిల్లల మాటేమిటి?

ప్రపంచ పోటీలకు వెళ్లాలంటే అంతర్జాతీయ పోటీల్లో కనీస సాంకేతిక మార్కులు ముందే సాధించి ఉండాలి. 2024-25 సీజన్ నుంచి సీనియర్ స్థాయికి 17 ఏళ్లు నిండాలి. మా అమ్మాయికి ఆ వయసు దగ్గరపడుతోంది. ఎదిగేకొద్దీ శరీరం మారి, చిన్నప్పుడు వచ్చిన జంప్‌లను మళ్లీ కొత్తగా కుదుర్చుకోవాలి. అది ఏ మేడ మీదా జరిగే పని కాదు. మీ ఫైలు ఏ బల్ల మీద ఉందో తెలియదు గానీ, రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం అంటారు, కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం అంటారు.

రింక్ కట్టండి. అది ఇప్పట్లో కాదంటే, ఉన్న మంచు గదిలోనే పొద్దున్న రెండు గంటలు స్కేటర్లకు కేటాయించేలా చూడండి. గురుగ్రామ్ ఖర్చులో కొంతైనా భరించండి. పదును పెట్టే యంత్రం ఒక్కటి తెప్పించండి, మిగతా పిల్లలకూ పనికొస్తుంది. అసలు ఏమీ చేయలేమంటే ఆ ముక్కే రాసి పంపండి, మా దారి మేం చూసుకుంటాం. "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అన్న కాగితం మాత్రం దయచేసి పంపకండి. అలాంటివి మా దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

ఇట్లు,
ఒక స్కేటర్ తల్లి,
హైదరాబాద్