అసెంబుల్డ్ కంప్యూటర్ నిజంగా చవకేనా?

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్ ముగిసే రోజుల్లో ఏటా మా దుకాణానికి వచ్చే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొనాలా, విడిభాగాలు తెచ్చి అసెంబుల్ చేయించుకుంటే కలిసొస్తుందా? సగానికి సగం మిగులుతుందని వారికి అప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. హనుమకొండలో కంప్యూటర్ల అమ్మకం, మరమ్మతు పనిలో ఉన్న నేను రెండు రకాలూ అమ్ముతాను కనుక ఏదో ఒకదాని పక్షాన మాట్లాడాల్సిన అవసరం నాకు లేదు. నేను గమనించినంతలో, అసెంబుల్డ్ కంప్యూటర్‌లో ఆదా ఉన్నమాట నిజమే గానీ, అది చాలామంది వెతికే చోట, అంటే కొన్న రోజు బిల్లులో, అంతగా కనిపించదు.

మొదటి పొరపాటు లెక్క కట్టడంలోనే జరుగుతోంది. ఒకవైపు బ్రాండెడ్ డెస్క్‌టాప్ ధర, మరోవైపు ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ (మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్), క్యాబినెట్ రాసిన కొటేషన్ పెట్టుకుని తేడా చూస్తారు. బ్రాండెడ్ పెట్టెతో సాధారణంగా విండోస్ లైసెన్సు, కీబోర్డు, మౌస్, వైఫై వస్తాయి. కొటేషన్‌లో ఇవేవీ ఉండవు. విండోస్ 11 హోమ్‌ను అధికారికంగా విడిగా కొనాలంటే దాదాపు పది వేల రూపాయలు పెట్టాలి. కంప్యూటర్ తయారీ సంస్థలు అదే లైసెన్సును లక్షల సంఖ్యలో తీసుకుంటాయి కాబట్టి వాటికి పడే ధర వేరు. మన దగ్గర ఈ తేడాను పూడ్చే పద్ధతి అందరికీ తెలిసిందే: దొంగ కాపీ ఎక్కించి 'యాక్టివేట్' చేసి ఇస్తారు, లేదా ఎక్కడిదో తెలియని కీని కొన్ని వందలకు అమ్ముతారు. దాన్ని ఆదా అని పిలవడం నాకు సమ్మతం కాదు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వంటి లినక్స్ వాడుకోగలవారికి మాత్రం ఈ పది వేలు న్యాయంగానే మిగులుతాయి. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి అది నిక్షేపంగా సరిపోతుంది.

బిల్లు విషయంలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. కంప్యూటర్ మీదా, దాని విడిభాగాల మీదా జీఎస్‌టీ ఒకటే, 18 శాతం. కనుక పన్ను వల్ల ఏ పక్షానికీ ప్రత్యేక లాభం లేదు. అయినా 'బిల్లు వద్దంటే ఇంత తగ్గిస్తాం' అనే మాట విని మురిసిపోయేవారు ఉన్నారు. రెండేళ్ల తర్వాత మదర్‌బోర్డు పోయినప్పుడు సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది ఆ బిల్లే.

బిగించే కూలి మిగులుతుందనుకోవడం కూడా భ్రమే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, మా వంటి జిల్లా దుకాణాల్లో గానీ, అన్ని భాగాలూ ఒకే చోట కొంటే చాలామంది అసెంబ్లీకి వేరే డబ్బు అడగరు, అడిగినా అది పెద్ద మొత్తం కాదు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం సరదాగా ఉంటుంది, నేర్చుకోవడానికీ మంచిదే. డబ్బు తేల్చేది మాత్రం భాగాలను ఎవరు, ఎంత తెలిసి ఎంచుకున్నారన్నదే.

ఇంటర్నెట్, వర్డ్, ఎక్సెల్, ఆన్‌లైన్ తరగతులు, ఇంటి లెక్కలు మాత్రమే పని అయితే బ్రాండెడ్ డెస్క్‌టాపే చాలాసార్లు చవకగా పడుతుంది. ఇంకా తక్కువలో కావాలంటే, ఐటీ కంపెనీలు వాడి మార్చేసిన డెస్క్‌టాప్‌లను శుభ్రం చేసి అమ్మేవి ఉన్నాయి; విండోస్ 11కు పనికొచ్చే తరానివి చూసి తీసుకుంటే వాటి ధరకు కొత్త విడిభాగాలతో కంప్యూటర్ కట్టడం ఎవరి తరమూ కాదు. గేమింగ్, వీడియో ఎడిటింగ్, త్రీడీ పనుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న బ్రాండెడ్ మోడళ్లలో పేరు కనిపించే చోట ఖర్చు పెట్టి, కనిపించని చోట కోత కోయడం మామూలే: రెండు ర్యామ్ స్టిక్కులు ఉండాల్సిన చోట ఒకటి, కార్డుకు చాలీచాలని ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నింటికీ కరెంటు అందించే పెట్టె), గాలి ఆడని క్యాబినెట్. అదే డబ్బుతో భాగాలు ఎంచుకుని కట్టుకున్నది ఇక్కడ స్పష్టంగా మెరుగ్గా ఉంటుంది.

అయితే ఇది కూడా కాలాన్ని బట్టే. 2011లో థాయిలాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగినప్పుడు హార్డ్ డిస్కుల ధరలు ఆకాశాన్నంటాయి. 2021లో క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్లతో లెక్కలు చేయించి క్రిప్టో కరెన్సీ సంపాదించడం) చేసేవారు గ్రాఫిక్స్ కార్డులను ఎగరేసుకుపోవడంతో, విడిగా కార్డు కొనడం కన్నా ఆ కార్డు ఉన్న పూర్తి కంప్యూటర్ కొనడమే నయమనిపించిన సందర్భాలు వచ్చాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ అవసరం లేని పద్ధతికి మారాక, రాత్రింబవళ్లు పరుగెత్తి అలసిన ఆ కార్డులే సెకండ్ హ్యాండ్ బజారుకు చేరాయి. 2025 చివరి నెలల్లో ర్యామ్ వంతు వచ్చింది. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన మెమరీ వైపు తయారీదారులు మొగ్గడంతో డీడీఆర్-5 ర్యామ్ ధరలు రెండింతలు దాటాయి; మైక్రాన్ సంస్థ అదే ఏడాది డిసెంబరులో తన క్రూషియల్ బ్రాండుతో సాగిస్తున్న వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ఇలాంటి వేళల్లో ధర పెరగకముందు తయారై షాపులో ఉన్న బ్రాండెడ్ సరుకే లాభం. పాత వీడియోలో చెప్పిన ధర పట్టుకుని కొట్టుకు వచ్చి, నేను ఎక్కువ చెబుతున్నానని అలిగి వెళ్లినవారూ లేకపోలేదు.

ఎస్‌ఎంపీఎస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బడ్జెట్ దాటుతుంటే కస్టమర్ మొదట కోత వేసేది దీనికే, ఎందుకంటే అది వేగాన్ని పెంచదు, బయటికి కనిపించదు. పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని అచ్చేసి ఉంటుంది; చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు పూర్తి లోడు మీదికి వెళ్లగానే కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ఇంటివారు వైరస్ అనుకుని విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, తర్వాత ర్యామ్ మారుస్తారు. ఎండాకాలం వోల్టేజీ ఎగుడుదిగుళ్లలో చివరికి అది పోయే రోజున మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోవచ్చు. రెండు వేలు మిగిల్చిన చోట ఖర్చు తడిసి మోపెడవుతుంది. కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ ముద్ర, కనీసం మూడేళ్ల వారంటీ ఉన్న మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ పెట్టలేని బడ్జెట్ అయితే అసెంబుల్ ఆలోచన మానుకోవడమే మేలని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

వారంటీ దగ్గర పైకి చూస్తే అసెంబుల్డ్‌దే పైచేయి. కంపెనీ సీలు పెట్టెలో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు మూడేళ్లు, మదర్‌బోర్డులకు ఎక్కువగా మూడేళ్లు, మంచి ఎస్‌ఎస్‌డీలకు ఐదేళ్ల దాకా ఉంటుంది. బ్రాండెడ్ డెస్క్‌టాప్‌కు చాలా మోడళ్లలో ఏడాదే. కానీ బ్రాండెడ్‌కు ఒకే ఫోన్ నంబరు. అసెంబుల్డ్‌లో స్క్రీన్ నల్లబడితే తప్పు ర్యామ్‌దా, బోర్డుదా, ఎస్‌ఎంపీఎస్‌దా అని ముందు మనమే తేల్చుకోవాలి. తేల్చాలంటే పక్కన పెట్టి చూడటానికి మంచి భాగాలు ఉండాలి, అవి ఇళ్లలో ఉండవు. తేలాక ఒక్కో కంపెనీకి ఒక్కో సర్వీస్ సెంటర్. మా జిల్లా నుంచి చాలా వాటికి హైదరాబాద్ వెళ్లాలి, లేదా కొరియర్‌లో పంపి ఎదురుచూడాలి.

అసలు ఆదా మొదలయ్యేది నాలుగైదేళ్ల తర్వాత, పాతబడిన కంప్యూటర్‌ను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు; ఏఎండీ ఏఎం4 సాకెట్ కథే చూడండి. 2018 నాటి బీ450 మదర్‌బోర్డు మీద తొలి తరం రైజెన్ ప్రాసెసర్ పెట్టుకున్నవారికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వారు బయాస్ (బోర్డులోనే ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించి, రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోయింది. బోర్డు, ర్యామ్, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ అన్నీ పాతవే. అదే వయసున్న కొన్ని చిన్న సైజు బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ల బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ పెట్టెకే ప్రత్యేకంగా చేసినవి. బయట దొరికేవి వాటిలో కూర్చోవు, మొత్తం మార్చాల్సిందే. అయితే ప్రతి సాకెట్టూ అంతకాలం నిలుస్తుందన్న హామీ లేదు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్టు 12 నుంచి 14వ తరం దాకా నడిచి, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ ప్రాసెసర్లతో మారిపోయింది. పైగా కొన్నది కొన్నట్టే పాడయ్యేదాకా వాడి పక్కన పెట్టేసే ఇళ్లే ఎక్కువ. ఆ ఇళ్లవారికి ఈ రెండో విడత ఆదా ఎన్నటికీ అందదు.

తోటి దుకాణదారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. కొటేషన్‌లో 'ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 450 వాట్స్' అని రాసి ఊరుకోకుండా, ప్రతి భాగానికీ పూర్తి మోడల్ నంబరు, అది కంపెనీ సీలు పెట్టెలో వచ్చినదా పెట్టె లేకుండా విడిగా వచ్చినదా, వారంటీ ఎన్నేళ్లు, విండోస్ లైసెన్సు ఉందా లేదా అన్నవి రాసి ఇవ్వాలి. ఇంటెల్ మోడల్ చివర 'ఎఫ్' అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. ఆ ఒక్క అక్షరం వదిలేసిన కొటేషన్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

భవదీయుడు,
కంప్యూటర్ మరమ్మతుల వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు,
హనుమకొండ.