నెమలి బొమ్మ వేసిన దాణా బస్తాపై రాయవలసినవి

సంపాదకుల వారికి నమస్కారాలు.

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో నాటు కోళ్లతో పాటు టర్కీలు, గిన్నీ కోళ్లు, కౌజు పిట్టలు, బాతులు, కడక్‌నాథ్ అనే నల్ల కోళ్లు పెంచేవారు ఎక్కువయ్యారు. ఇదివరకు బ్రాయిలర్ (మాంసం కోళ్లు), లేయర్ (గుడ్ల కోళ్లు) దాణా తప్ప మరొకటి దొరకని దుకాణాల్లో ఇప్పుడు ‘ప్రత్యేక దాణా’ పేరుతో రంగురంగుల బస్తాలు కనిపిస్తున్నాయి. కొన్నిటి మీద పురివిప్పిన నెమలి బొమ్మ, దాని కింద ‘అన్ని రకాల పక్షులకు’ అన్న మాట ఉంటాయి. లోపల ఏమేమి కలిపారో, ఏ పక్షికి ఏ వయసులో పెట్టాలో మాత్రం ఉండదు. నేను గన్నవరం దగ్గర చిన్న దాణా మిల్లు నడుపుతున్నాను కనుక నా మాటల్లో వ్యాపార స్వార్థం వెతికేవారు వెతకవచ్చు. అయినా దాణా కలిపేవాడికి తెలిసిన సంగతులు దాణా కొనేవారికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పక్షి మారితే దాని అవసరమూ మారుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 1374 అనే కోళ్ల దాణా ప్రమాణం ప్రకారం బ్రాయిలర్ పిల్లల తొలి దాణాలో మాంసకృత్తులు 23 శాతం ఉండాలి, చివరి దశలో 20 శాతం చాలు. టర్కీ పిల్లలకు మొదటి నాలుగు వారాలూ 28 శాతం దాకా కావాలి. నెమళ్లను చట్టబద్ధంగా పెంచుకునే దేశాల్లో వాటి పిల్లలకు కూడా ఇంచుమించు టర్కీ లెక్కనే అనుసరిస్తారు. కౌజు పిట్టలకు 24 శాతం ఉండాలి. బాతు పిల్లలకు 22 శాతం సరిపోతుంది గాని, నియాసిన్ అనే విటమిన్ కోడిపిల్లల కంటే బాగా ఎక్కువ కావాలి, అది తగ్గితే కాళ్లు వంకరపోతాయి. ఇక గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో పెంకు గట్టిపడటానికి 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉండేలా చూస్తాం. చవకగా వచ్చింది కదా అని దాన్నే పిల్లలకు పోస్తే, ఒక శాతం దగ్గర ఉండవలసిన కాల్షియం మూడు నాలుగింతలై మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లలు ముడుచుకుని కూర్చుని ఒక్కొక్కటే చనిపోతుంటే మనవాళ్లు తెగులు తగిలిందనుకుని మందుల షాపుకు పరుగెడతారు.

ఇంతకంటే ప్రమాదం దాణాలో కలిపే మందుతో వస్తుంది. కాక్సిడియోసిస్ అనే రక్తపారుడు రాకుండా బ్రాయిలర్ దాణాలో సాలినోమైసిన్ వంటివి కలపడం మామూలే, తగిన మోతాదులో ఉంటే కోళ్లకు దానితో ఇబ్బంది లేదు. అయితే కోడి తట్టుకునే మోతాదే టర్కీకి విషమవుతుంది, గుర్రానికైతే ప్రాణాంతకం. గత వర్షాకాలంలో ఒక రైతు నా మిల్లుకు వచ్చి, “కోళ్లు బాగానే ఉన్నాయండీ, టర్కీలే కూలబడుతున్నాయి” అన్నారు. వెళ్లి చూస్తే టర్కీలు కాళ్లు వెనక్కి చాపి బోర్లా పడి ఉన్నాయి, పక్కనే కోళ్లు అదే తొట్టిలో హాయిగా తింటున్నాయి. బస్తా తెప్పించి అటూ ఇటూ తిప్పి చూశాం. పక్షుల బొమ్మలు నాలుగున్నాయి, మందు పేరు ఎక్కడా లేదు. ఆ దాణా మాన్పించి పశువైద్యుడిని పిలిపించాక కొన్ని కోలుకున్నాయి, కొన్ని దక్కలేదు.

చిన్న మోతాదులో ప్రత్యేక దాణా తయారుచేయడం ఎందుకు కష్టమో కూడా చెప్పాలి, ఎందుకంటే ధర ఎక్కువని అడిగేవారికి సమాధానం అక్కడే ఉంది. టన్ను దాణాలో విటమిన్ల ప్రీమిక్స్ (ముందే కలిపి ఉంచిన విటమిన్ల పొడి) కొన్ని వందల గ్రాములకు మించదు. దాన్ని నేరుగా మిక్సర్‌లో పోస్తే ఒక బస్తాలో ముద్దగా చేరి, మరో బస్తాలో అసలు ఉండకుండా పోతుంది. అందుకని ముందు నూనె తీసిన తౌడు నాలుగైదు కిలోలు తీసుకుని అందులో చేత్తో కలిపి, దాన్ని యాభై కిలోల పిండిలో వేసి, ఆ తర్వాతే పెద్ద మిక్సర్‌లోకి వదలాలి. పచ్చి తౌడు వాడితే నూనె త్వరగా కంపు కొడుతుంది, విటమిన్లు కూడా దానితోనే పోతాయి. మన బెజవాడ ఎండల్లో రేకుల షెడ్డు కింద రెండు మూడు నెలలు పడి ఉన్న బస్తాలో విటమిన్ల బలం బాగా తగ్గుతుంది. కౌజు పిట్టల దాణా నెలకు పది బస్తాలు కూడా పోని దుకాణంలో పాత సరుకే చేతికొస్తుంది కనుక తయారీ తేదీ చూడకుండా కొనకూడదు.

ముడిసరుకు సంగతి మరీ ముఖ్యం. సరిగా ఆరని మొక్కజొన్నలోను, బూజు పట్టిన వేరుశెనగ చెక్కలోను (నూనె తీయగా మిగిలిన పిప్పి) అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ చెక్కే కారణమని తేలి, ఆ పరిశోధనలోనే ఈ విషం లోకానికి తెలిసింది. కోళ్లు కొంత ఓర్చుకుంటాయి గాని బాతు పిల్లలు, టర్కీ పిల్లలు ఓర్చుకోలేవు. గుంటూరు ప్రాంతంలో చవకగా దొరికే పత్తి చెక్కను కూడా కొందరు కలుపుతారు. దానిలోని గాసిపాల్ అనే పదార్థం వల్ల, నిల్వ ఉంచిన గుడ్డులో పచ్చసొన రంగు చెడుతుంది. పందెం పుంజుకు బాదంపప్పు, ఉడికించిన గుడ్డు లెక్కగట్టి పెట్టే జిల్లాల్లో (పందేలు చట్టవిరుద్ధమన్నది వేరే చెప్పనక్కరలేదు) మిగతా పక్షులు ఏం తింటున్నాయో అడిగేవారు తక్కువ.

అమ్మకం కోసం చెప్పే మాటలకు కూడా హద్దు ఉండాలి. కడక్‌నాథ్ మాంసం నల్లబడటానికి ప్రత్యేక దాణా అని అమ్మేవారున్నారు. ఆ నలుపు పుట్టుకతో జన్యువుల్లో వచ్చేది, దాణా మారిస్తే పెరిగేదీ కాదు, తగ్గేదీ కాదు.

ఇక నెమలి బొమ్మ విషయం. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యంత రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని పట్టి పెంచడం మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష పడే నేరం. తెల్ల నెమలి వేరే జాతి అని కొందరు చెబుతారు గాని అది రంగు మారిన అదే పక్షి. పొలం కోసేటప్పుడు దొరికిన నెమలి గుడ్లను కోడి కింద పెట్టి పొదిగించడం పల్లెల్లో కొందరికి ముచ్చట కావచ్చు, కానీ వెంటనే అటవీ శాఖ వారికి చెప్పడమే సరైన పని. కాబట్టి మన దగ్గర నెమలి దాణా కొనదగిన వారు జంతు ప్రదర్శనశాలలు, అనుమతి ఉన్న సంరక్షణ కేంద్రాలే. వీధి దుకాణంలో వేలాడే బస్తాపై ఆ బొమ్మ వేయడం, ఇంట్లో నెమలిని పెంచుకోవచ్చన్న అపోహను జనంలో పెంచుతుంది.

పశుసంవర్ధక శాఖ వారిని నేను కోరేది ఇది. ప్రతి బస్తాపై ఏ పక్షికి, ఎన్ని వారాల వయసుకు, మాంసకృత్తులు, కాల్షియం ఎంత, కలిపిన మందు పేరేమిటి, ఏ పక్షులకు పెట్టకూడదు, ఏ తేదీన తయారైంది అన్నవి తెలుగులో చదవగలిగే సైజులో ఉండేలా చూడాలి. బస్తా విప్పి కిలోల లెక్కన అమ్మేటప్పుడు ఆ రాత దుకాణంలోనే ఉండిపోతుంది కనుక ఐదు కిలోల ప్యాకెట్లను ప్రోత్సహించాలి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల వారు మన నూకలు, తౌడు, మొక్కజొన్న, సోయా చెక్కతోనే బాతులకు, టర్కీలకు, కౌజు పిట్టలకు వేర్వేరు మిశ్రమాలు రాసి ఒక చిన్న పుస్తకంగా ఇస్తే, చిన్న మిల్లుల వాళ్లం దాన్ని గోడకు అంటించుకుని కలుపుతాం. మా నమూనాలను తక్కువ రుసుముతో పరీక్షించి, అఫ్లాటాక్సిన్ ఎంతుందో వారం లోపల చెప్పే ఏర్పాటు కూడా చేయాలి. పదిహేను రోజులకు ఫలితం వస్తే, అప్పటికి ఆ దాణా పక్షుల కడుపులోకి చేరిపోయి ఉంటుంది.

భవదీయుడు,
ఒక దాణా తయారీదారు,
గన్నవరం, విజయవాడ దగ్గర.