సెన్సార్ మార్చాం, లైటు మళ్లీ వెలిగింది: మా కస్టమర్లకు ఒక మాట

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు బండి తెచ్చే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి నా నోటితోనే చెప్పాలి. పోయిన నెల ఒక టీచరమ్మ గారి కారుకు అక్కర్లేని ఆక్సిజన్ సెన్సార్ మార్చి డబ్బులు తీసుకున్నాం. తప్పు మాదే. సెన్సార్ ఖరీదూ కూలీ మొత్తం ఆవిడకు తిరిగి ఇచ్చేశాం.

ఆవిడ సెకండ్ హ్యాండ్‌లో పెట్రోల్ కారు కొన్నారు. నెల తిరక్కుండానే పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. లీటరుకు 15 ఇచ్చే బండి 11కి పడిపోయింది. స్కానర్ పెడితే పీ 0135 అనే కోడ్ వచ్చింది. ముందు సెన్సార్‌లోని హీటర్ సర్క్యూట్ పనిచేయడం లేదని దాని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు, ఫ్యూజు, వైర్లు, వాటిని కలిపే ప్లగ్గు లాంటి కప్లర్ అన్నీ అందులోవే. అది తెలిసి కూడా తొందరపడ్డాం. కొత్త సెన్సార్ బిగించి కోడ్ చెరిపేశాం. లైటు ఆరింది. నాలుగో రోజు ఆవిడ ఫోన్ చేసి, "స్పీడ్ బ్రేకర్ దిగగానే మళ్లీ వెలిగిందండీ" అన్నారు.

సైలెన్సర్ గొట్టంలోకి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఈ సెన్సార్ బండిలోని కంప్యూటర్‌కు చెప్తుంది. దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తుంది, పెంచుతుంది. అయితే సుమారు 300 డిగ్రీలు కాగితే గానీ సెన్సార్ సరిగా పలకదు. త్వరగా కాగడానికే లోపల చిన్న హీటర్ పెడతారు. దానికి కరెంటు అందకపోతే పొగ వేడితోనే కాగాలి. టీచరమ్మ గారింటికీ బడికీ మధ్య 4 కిలోమీటర్లు. సెన్సార్ కాగేలోపే బడి వచ్చేస్తుంది. అంతసేపూ పెట్రోలు అంచనా మీద పడుతూ ఉంటుంది, అది కాస్త ఎక్కువే పడుతుంది. రోజూ హైవే మీద తిరిగే బండికి ఇంత తేడా తెలిసేది కాదు.

రెండోసారి బండి వచ్చినప్పుడు కప్లర్ ఊడదీసి మీటర్ పెట్టాను. 12 వోల్టుల పైనే చూపించింది. వైరు తెగిందేమోనని చూస్తే, తెగలేదన్నట్టు మీటర్ బీప్ కూడా కొట్టింది. వైరింగ్ బాగానే ఉందని నేను అనేశాను. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒప్పుకోలేదు. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు తెచ్చి, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆ కరెంటు వైరుకూ ఎర్త్‌కూ మధ్య తగిలించాడు. బల్బు మిణుకుమిణుకుమంది, మీటర్ 7 వోల్టులకు పడిపోయింది. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ బీప్ కొడుతుంది, ఎందుకంటే మీటర్ తాగే కరెంటు దాదాపు సున్నా. ఆ బల్బు మాత్రం ఇంచుమించు హీటర్ తాగినంత తాగుతుంది. అందుకే దానితో నిజం బయటపడింది.

వైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే గేర్‌బాక్స్ పక్కన క్లాంపు దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది. ఎలుకలు కొరికిన చోట ఎవరో వైర్లు మెలిపెట్టి అతికించినట్టున్నారు. సైలెన్సర్ వేడికి టేపు కరిగి బెల్లం పాకంలా వేలికి అంటుకుంది. విప్పితే ఆకుపచ్చ చిలుము పొడిగా రాలింది, లోపల రాగి పోగులు రెండే మిగిలాయి. బండి కుదుపుకు అవి తగులుతూ వదులుతూ ఉన్నాయి. మేం పక్కన పడేసిన పాత సెన్సార్ తీసి హీటర్ కొలిస్తే 6 ఓమ్స్ వచ్చింది, శుభ్రంగా ఉంది. అది చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దెబ్బతిన్న ముక్క మొత్తం తీసేసి, అదే మందంలో వేడికి తట్టుకునే వైరు వేసి, క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, పైన స్లీవ్ తొడిగాం. సైలెన్సర్‌కు తగలకుండా దూరంగా క్లిప్ పెట్టాం. మొత్తం 200 రూపాయల సామాను కూడా కాలేదు. సెన్సార్ నుంచి కప్లర్ దాకా వచ్చే వైర్లను మాత్రం ఎప్పుడూ సోల్డరింగ్ చేయించకండి, ఆ కప్లర్‌లో గ్రీజు పెట్టనివ్వకండి. చాలా సెన్సార్లు పొగతో పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ వైర్ల సందుల్లోంచే పీల్చుకుంటాయి. ఆ దారి మూసుకుపోతే మంచి సెన్సార్ కూడా తప్పు చెప్తుంది. ఇప్పుడు స్కానర్‌లో సిగ్నల్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చక్కగా ఊగుతోంది. మూడు వారాలైంది, లైటు మళ్లీ రాలేదు.

ఇకమీదట హీటర్ ఓమ్స్ కొలిచి, బల్బు టెస్టు మీ కళ్ల ముందు చేసి చూపించాకే సెన్సార్ మారుస్తాం. ఈ చెకింగ్‌కు 400 రూపాయలు తీసుకుంటాం, ముందే చెప్తున్నాను. వైరింగ్ బాగుండి హీటర్‌లో రీడింగ్ రాకపోతే సెన్సారే పోయినట్టు, మార్చక తప్పదు. తీసిన సామాను మీ చేతికే ఇస్తాం.

ఉగాది తర్వాత మా దగ్గర ఆక్సిజన్ సెన్సార్ మార్పించుకున్నవాళ్లు బండి, పాత సెన్సార్ ఉంటే అదీ తీసుకుని రండి. ఉచితంగా చూస్తాం. మార్చనవసరం లేదని తేలితే మీ డబ్బులు మీకిచ్చేస్తాం. వీలైతే బండి ముందురోజు రాత్రే వదిలి వెళ్లండి. సైలెన్సర్ పూర్తిగా చల్లారితే గానీ ఆ వైర్ల దగ్గర చెయ్యి పెట్టలేం.