పై మడికి ఒకటి, పల్లపు మడికి ఒకటి

సంపాదకుడు గారికి,

ఖరీఫ్ విత్తనాల పంపిణీ గురించి వార్తలు చూశాక మా కొండల సంగతి కూడా రాయాలనిపించింది.

మాది హుకుంపేట వైపు. మా పెద్దలు కొండవాలును మెట్లుమెట్లుగా తవ్వి, రాళ్లతో గట్లు పేర్చి మడులు కట్టారు. గెడ్డ (కొండవాగు) నీళ్లు ముందు పై మడిలోకి వస్తాయి, అది నిండాక గండి గుండా కింది మడిలోకి దిగుతాయి. పైన నీళ్లు నిలవవు కాబట్టి అక్కడ త్వరగా పండే వడ్లు, అడుగున ఆలస్యంగా కోతకొచ్చే రకం వేసేవాళ్లం. ఏ మడికి ఏ రకమో మా అమ్మ నోటిమీదే ఉంటుంది. విత్తనాన్ని బూడిదలో కలిపి, ఆనప బుర్రలో పోసి, పొయ్యి మీది అటకపై పెట్టేది.

మూడేళ్ల కిందట రాయితీ విత్తనం దొరికిందని అన్ని మడులకూ అదే నారు పోశాం. కింద పాత రకం కన్నా ఎక్కువే పండింది, కాదనను. పై మూడు మడులు మాత్రం గింజ పాలు పోసుకునే వేళకి ఎండిపోయి తాలే మిగిలింది. మరుసటి ఏడు చూసుకుంటే బుర్ర ఖాళీ. ఊరంతా అడిగితే ఇద్దరి ఇళ్లలో దొరికింది, దోసెడు అప్పు తెచ్చుకున్నాం.

చైత్రంలో ఇటుకల పండగకి ఇంటింటి విత్తనమూ దేవత దగ్గరికి తీసుకెళ్తాం. పూజారి అన్నీ కలిపి తలా గుప్పెడు పంచుతాడు. ఈమధ్య మా ఊళ్లో ఆ గుప్పెట్లోనూ సంచి విత్తనమే ఎక్కువ.

అరకు దాటితే ఒడిశాలోని కొరాపుట్. అక్కడి కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నాటు వడ్లను కాపాడిన గిరిజన రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. మనకి అరకు కాఫీ జీఐ ఉంది, సంతోషమే. కానీ కాఫీ మేం అమ్ముకునేది, వడ్లు మేం తినేవి.

తరతరాలుగా కాపాడిన రకాన్ని రైతులే తమ పేరున నమోదు చేసుకోవచ్చని 2001 నాటి మొక్కల రకాల చట్టం చెబుతోంది. మా ఊరికి వచ్చి ఆ మాట చెప్పినవాళ్లు లేరు. వ్యవసాయాధికారులు కోతల వేళ వచ్చి, ఉన్న నాటు రకాలను పేర్లతో సహా సేకరించి, ఆ నమోదు చేయించాలి. రాయితీ విత్తనం ఇచ్చేటప్పుడు ‘ఎన్ని ఎకరాలు’ అని ఊరుకోకుండా ‘ఏ మడికి’ అని కూడా అడగాలి. రకాల పేర్లన్నీ తెలిసినవాళ్లు మా ఊళ్లో అమ్మతో కలిపి నలుగురే ఉన్నారు.

- ఒక రైతు, హుకుంపేట మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా