విదేశీ పరిచర్యకు పంపినవారి అలసటను సంఘాలు వినాలి

సంపాదకులు గారికి,

విదేశాల్లో చిన్న వ్యాపారం నడుపుకొంటూ, దానితోపాటే క్రైస్తవ పరిచర్య చేస్తున్నవారి మానసిక ఆరోగ్యం గురించి మన సంఘాల్లో నోరు విప్పేవారు కనబడడం లేదు. బైబిలులోని అపొస్తలుడు పౌలు కొరింథు పట్టణంలో డేరాలు కుట్టి బతికిన సంగతిని ఆదర్శంగా చూపి వీరిని సాగనంపుతున్నాం. అయితే పౌలుకు లేని చిక్కు వీరికి ఉంది. చాలా దేశాల్లో నివాస అనుమతి వ్యాపారంతోనే ముడిపడి ఉంటుంది కాబట్టి, అది మూతపడితే జీవనాధారం, అద్దె ఇల్లు, పిల్లల చదువు, పరిచర్య అన్నీ ఒక్కసారే పోతాయి.

మా పినతండ్రి గారి అబ్బాయి ఆగ్నేయాసియాలోని ఒక పట్టణంలో కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపాడు. పగలు విద్యార్థులు, సాయంత్రం పన్నుల కాగితాలు, రాత్రి బైబిలు అధ్యయనం, ఆదివారం ఇక్కడి సంఘానికి వీడియోలో సాక్ష్యం. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పది నిమిషాలు నవ్వుతూ మాట్లాడి, కెమెరా ఆపగానే అదే కుర్చీలో గంటసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడని మా మరదలు తర్వాత చెప్పింది. చివరి రోజుల్లో జమాఖర్చుల పుస్తకంలో ఒక్క పేజీ కూడిక కూడా తేలేది కాదట. మేము మాత్రం బాప్తిస్మాలు ఎన్ని జరిగాయని ప్రతి నెలా అడిగాం, నిద్ర పడుతోందా అని ఒక్కరమూ అడగలేదు. అతను తిరిగి వచ్చాక, విశ్వాసం సన్నగిల్లింది, ఉపవాసం ఉండు అని చెప్పినవారిలో నేనూ ఉన్నాను. ఆ మాట ఈనాటికీ నన్ను బాధిస్తోంది.

1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన ఆంగ్ల మిషనరీ విలియం కేరీ, అంతకు ఇరవై ఏళ్ల ముందు బెంగాల్‌లో నీలిమందు కర్మాగారం నిర్వహిస్తూ పరిచర్య సాగించాడు. ఆ 1794లోనే ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. భార్య డొరొతీకి మతి చలించింది, 1807లో మరణించేదాకా ఆమె కోలుకోలేదు. కేరీ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, ఆ వేదికల మీద డొరొతీ పేరు ఒక్కసారీ వినలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, అదుపు తప్పిన పని ఒత్తిడి వల్ల కలిగే నిస్సత్తువను వృత్తి సంబంధమైన సమస్యగా గుర్తించింది. మన గ్రంథంలోనూ, చావు కోరుకుని బదరీ వృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత గద్దించలేదు, తట్టిలేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు.

కష్టం చెప్పుకుంటే కానుకలు ఆగిపోతాయన్న భయం ఉన్నంతకాలం, డబ్బు పంపేవారి ముందు ఎవరూ నిజం చెప్పరు. అందుకే, నిధులతో ఏ సంబంధమూ లేని శిక్షణ పొందిన కౌన్సిలర్‌తో వీరు, వీరి జీవిత భాగస్వాములు విడివిడిగా మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. ఏటా జీతంతో కూడిన సెలవు, నష్టపోయి దుకాణం మూసివస్తే కనీసం ఆరు నెలల పోషణ సంఘమే చూడాలి. ఈ నెల మా సంఘ కమిటీ ముందు ఈ ప్రతిపాదన పెడుతున్నాను. ఇతర సంఘాల పెద్దలు కూడా తమ కమిటీల్లో దీన్ని చర్చకు తేవాలని కోరుతున్నాను.

– ఒక సంఘ పెద్ద, గుంటూరు