కడప గ్రంథాలయాలకు శిక్షణ ఉన్న గ్రంథపాలకులను ఇవ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

కడప జిల్లా గ్రంథాలయ ఉద్యోగులం, పాఠకులం నమస్కరించి రాస్తున్న లేఖ.

గ్రంథపాలకుల ఖాళీలను ఇన్‌ఛార్జిలతో నెట్టుకురావడం ఇక ఆపాలని మా విన్నపం. తలుపు తీసి, పేపర్లు బల్లమీద పరచి, సాయంత్రం తాళం వేయడానికి ఎవరైనా సరిపోతారు. కొత్త పుస్తకాల కట్ట విప్పినప్పుడే చిక్కు.

పుట్టపర్తి నారాయణాచార్యులు గారి పుస్తకాలే తీసుకోండి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి సూచీలో ఆయన 'పుట్టపర్తి' కిందే ఉండాలి. ఇంగ్లీషు పేర్లకు అలవాటుపడినవారు 'నారాయణాచార్యులు, పుట్టపర్తి' అని కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఇంకొకరు 'నారాయణాచార్య' అంటారు. ఒకే కవి మూడుచోట్ల చీలిపోతే, పాఠకుడు ఒకచోట చూసి లేదనుకొని వెళ్లిపోతాడు. 'వెంకట', 'వేంకట'లతోనూ ఇదే తంటా. ప్రతి రచయితకూ ఒక్క రూపం ఖాయం చేసి, మిగతా రూపాల దగ్గర 'చూడుము' అని సూచన పెట్టాలి. పుస్తకాలను విషయాన్నిబట్టి అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. చివర 1 చేరిస్తే కవిత్వం, 3 చేరిస్తే కథ, నవల. ఆ ఒక్క అంకె తప్పితే కావ్యం నవలల అరలో చేరి, మళ్లీ స్టాకు తనిఖీ జరిగేదాకా దొరకదు.

రాతప్రతుల దగ్గర పొరపాటుకు దిద్దుబాటే ఉండదు. తాటాకు కట్ట తాడు విప్పకముందే ఉన్నదున్నట్టు ఫొటో తీయాలి, ఆకు అంచున ఉన్న తెలుగు అంకెలు రాసుకోవాలి. వరుస తప్పాక తెలుగు అంకెలు చదవలేనివారు దాన్ని కూర్చలేరు. ఘంటంతో గీసిన అక్షరం కనబడకపోతే దీపపు మసి పూసి తుడుస్తారు. ఆకు పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె రాస్తారు. అదే నూనె కాగితం ప్రతికి రాస్తే ఆ కాగితం పాడైనట్టే.

సి.పి. బ్రౌన్ ఈ ఊళ్లోనే పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూయించాడు. ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో గుర్తించకుండా నచ్చినట్టు దిద్దితే అది పరిష్కరణ కాదు. అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయోద్యమం నడిపారు, 'గ్రంథాలయ సర్వస్వం' పత్రికకు సంపాదకులుగా ఉన్నారు, గ్రంథపాలకులకు శిక్షణ తరగతులూ పెట్టించారు. సేకరణ, సంపాదకత్వం, బోధన మూడూ తెలిసిన మనుషులు ఇప్పుడు కావాలి. వాళ్లను తయారుచేయడానికి కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కన్నా తగిన చోటు మాకు తోచడం లేదు.

కాబట్టి ఖాళీలను గ్రంథాలయ శాస్త్రం చదివినవారితో శాశ్వతంగా నింపండి. ఎంపిక పరీక్షలో పది తెలుగు పుస్తకాలు చేతికిచ్చి సూచీ రాయించండి. బ్రౌన్ కేంద్రంలో రాతప్రతుల మీద ఆరు నెలల పని శిక్షణ పెట్టించండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. అది ప్రతి మూడు నెలలకూ జిల్లా గ్రంథాలయ సంస్థ ఖాతాలో జమయ్యేలా ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
కడప జిల్లా గ్రంథాలయ ఉద్యోగులు, పాఠకులు