ఓఆర్‌ఎస్ తాగమంటే చాలదు, కొలత కూడా వేయండి

సంపాదకులకు,

వానలు పడితే చాలు, జిల్లా పేజీల్లో అతిసారం వార్తలు మొదలవుతాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో వాంతులు, విరేచనాలు ప్రబలినప్పుడూ పత్రికలన్నీ విస్తారంగానే రాశాయి. ఇలాంటి వార్తల చివర "ఓఆర్‌ఎస్ తాగాలి" అని ఒక ముక్క ఉంటుంది. ఎన్ని నీళ్లలో కలపాలో, ఎంత సేపటికి ఎంత పట్టాలో ఉండదు. ఇళ్లలో పొరపాటు జరిగేది సరిగ్గా అక్కడే.

ఆశా కార్యకర్తలు ఇచ్చే ప్యాకెట్టు లీటరు నీళ్లకు సరిపడేది. అందులో పొడి 20.5 గ్రాములు: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. మందుల షాపుల్లో 200 మి.లీ.కు సరిపడే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి. చిన్న ప్యాకెట్టు గ్లాసులో కలిపి అలవాటైన చెయ్యి, పెద్ద ప్యాకెట్టు వచ్చినా గ్లాసులోనే కలుపుతుంది. అప్పుడు ఆ నీళ్లు ఉండాల్సిన దానికంటే అయిదు రెట్లు చిక్కన. సరిగా కలిపిన ద్రావణంలో సోడియం మన రక్తంలో ఉన్నదాంట్లో సుమారు సగం. గ్లాసులో కలిపితే రక్తం కంటే రెండున్నర రెట్లు దాటిపోతుంది. పిల్లకి దాహం తీరకపోగా పెరుగుతుంది, విరేచనాలు ఎక్కువవుతాయి, ఉప్పు మరీ ఎక్కితే ఫిట్స్ వస్తాయి. "ఓఆర్‌ఎస్ పడలేదు" అని తల్లి చెబితే ముందు అడగాల్సింది ఎందులో కలిపావమ్మా అని.

ప్యాకెట్టు మీద ఎంత నీటికో రాసి ఉంటుంది, చదివి చించాలి. లీటరు కొలవడానికి నీళ్ల బాటిల్ ఉండనే ఉంది. స్టీలు గ్లాసులను నమ్మొద్దు, ఇంటికో సైజు. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు పోసి, పొడి మొత్తం ఒకేసారి వేసి, కరిగే దాకా కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అంటే కుదరదు. పొడిలోని నాలుగు పదార్థాలు సగానికి సగం సమంగా విడవు, మిగిలిన పొడి చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. కలిపాక మళ్లీ కాచకూడదు. పంచదార, పాలు, పళ్లరసం చేర్చకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. రుచి కన్నీళ్లంత ఉప్పగా ఉండొచ్చు, అంతకు మించితే ఎక్కడో తప్పు జరిగింది.

విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200 మి.లీ., పెద్దవాళ్లకు తాగగలిగినంత. చంటిపిల్లలకు నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. గ్లాసు గటగటా పట్టిస్తే కక్కేస్తారు. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో, ఇంకా నిదానంగా. ఒంట్లో నీరు తగ్గిన గుర్తులు అప్పటికే కనిపిస్తుంటే లెక్క వేరు: కిలో బరువుకు 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో, అంటే పది కిలోల పిల్లకు ముప్పావు లీటరు. ఇది ఆరోగ్య కేంద్రంలో, కళ్లెదుట జరగాలి.

ఇంకో అపోహ ఉంది. ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. పోయిన నీటినీ లవణాలనూ భర్తీ చేస్తుంది, అంతే. పేగు గోడలో ఉప్పును, గ్లూకోజును జతగా లోపలికి లాక్కునే దారి ఒకటుంది. జబ్బు ఎంత ముదిరినా ఆ దారి చాలావరకు పనిచేస్తుంది, నీళ్లు వాటి వెంటే వెళ్తాయి. ఈ సంగతి తెలియక మొదటి రోజు సాయంత్రానికే "ఇంకా అవుతూనే ఉన్నాయి" అని మోషన్లు ఆపే బిళ్ల కోసం షాపుకు పరిగెడతారు. ఆ బిళ్ల, అంటే లోపెరమైడ్, పేగు కదలికను ఆపుతుంది గానీ లోపల ఊరే నీటినీ క్రిములనూ ఆపదు. చిన్నపిల్లలకు పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే పెద్దవాళ్లూ వేసుకోకూడదు. యాంటీబయాటిక్ సంగతీ అంతే. పసిపిల్లల నీళ్ల విరేచనాలకు ఎక్కువగా వైరస్‌లే కారణం, వాటి మీద అది పనిచేయదు. రక్త విరేచనాలకు, కలరాకు అవసరమే, కానీ డాక్టరు రాయాలి. పిల్లల విరేచనాలకు ముఖ్య కారణమైన రోటా వైరస్‌కైతే టీకా ఉంది: 6, 10, 14 వారాలకు. మన రాష్ట్రంలో 2016 నుంచి ఉచితంగా వేస్తున్నారు.

పిల్లలకు వేయాల్సిన బిళ్ల జింక్. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మి.గ్రా. బిళ్ల ఒకటి, రెండు నుంచి ఆరు నెలల మధ్య అయితే సగం. చెంచాలో తల్లిపాలో, నీళ్లో పోసి బిళ్ల వేస్తే దానంతట అదే కరుగుతుంది. 14 రోజులు వేయాలి. మూడో రోజు విరేచనాలు తగ్గగానే బిళ్లలు అల్మారాలోకి వెళ్లిపోతాయి, అదీ తంటా. జింక్ ఈ విడత జబ్బును తగ్గించడానికే కాదు, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ రాకుండానూ.

ఇక ఇంటి వైద్యం. అంతా కొట్టిపారేయాల్సింది కాదు. అన్నిట్లోకీ గంజి మేలు. బియ్యంలోని పిండి పదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా మారుతుంది కాబట్టి ఒక్కసారిగా నీటిని గుంజదు. కుక్కర్లు వచ్చాక గంజి వార్చే ఇళ్లు తగ్గిపోయాయి గనుక విడిగా కాయాలి: గుప్పెడు బియ్యం లీటరుకు పైగా నీళ్లలో మెత్తగా ఉడికించి, జావలా మెదిపి, తలగొట్టిన అర టీస్పూను మెత్తటి ఉప్పు. రాళ్లుప్పు అయితే దంచి కొలవండి, రాళ్ల మధ్య సందుల వల్ల కొలత తప్పుతుంది. "చిటికెడు" అనొద్దు, అది చేతిని బట్టి మారుతుంది. ప్యాకెట్టు దొరకని పూట లీటరు నీళ్లకు తలగొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, పప్పుకట్టు మంచివే. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. తోడుగా ఇవ్వండి, ఓఆర్‌ఎస్‌కు బదులుగా కాదు. పెరుగులో చెంచాడు మెంతులు పెద్దవాళ్లు మింగితే నష్టం లేదు, నీటి లోటు మాత్రం తీరదు. పసివాళ్లకు గొంతులో అడ్డుపడతాయి, ఇవ్వొద్దు. జాజికాయ, వస అరగదీసి నాకించడం మానాలి. జాజికాయ మోతాదు మించితే పిల్ల మత్తుగా పడుంటుంది, ఆ మత్తు జాజికాయ వల్లో నీరు తగ్గడం వల్లో డాక్టరుకు కూడా వెంటనే తేలదు.

గ్లూకోజు పొడి, కూల్‌డ్రింకులు అసలు పనికిరావు. కూల్‌డ్రింకులో లీటరుకు వంద గ్రాముల దాకా చక్కెర. అంత చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న తియ్యటి డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేముందు డబ్బా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

"లంఖణం పరమౌషధం" అన్న మాటను పిల్లల విరేచనాలకు వర్తింపజేయొద్దు. తల్లిపాలు ఆపొద్దు. మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు కొంచెం కొంచెంగా పెడుతూ ఉండాలి. తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగొస్తుంది.

సెలైన్ గురించి ఒక మాట. నడుస్తూ వచ్చి, నోటితో తాగగలిగిన మనిషి కూడా "ఒక బాటిల్ ఎక్కించండి" అంటాడు. మామూలు సెలైన్ అర లీటరులో ఉండేది 4.5 గ్రాముల ఉప్పు మాత్రమే. పొటాషియం లేదు, గ్లూకోజు లేదు. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్‌లో కలరా చెలరేగి సెలైన్ నిల్వలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి బంధువుల చేతే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. సెలైన్ కావాల్సింది తాగలేని వాళ్లకు, స్పృహ తప్పుతున్న వాళ్లకు. అప్పుడైనా రింగర్ లాక్టేట్ (పొటాషియం కూడా ఉండే సెలైన్ రకం) మేలు.

షుగరు ఉన్నవాళ్లు ఓఆర్‌ఎస్‌కు భయపడనక్కర్లేదు. లీటరులో ఉన్న గ్లూకోజు మూడు చెంచాల లెక్క. నీరు పోయే బీపీ బిళ్లలు వాడేవాళ్లు మాత్రం అదే రోజు డాక్టరును అడగాలి, విరేచనాల్లో అవి కిడ్నీని దెబ్బతీయొచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో కూడా డాక్టరే చెప్పాలి.

ఆస్పత్రికి ఎప్పుడు? కళ్లు గుంటలు పడితే, పసిబిడ్డ మాడు లోపలికి పోతే, ఆరు గంటలుగా మూత్రం రాకపోతే, పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలాక ముడత మెల్లగా గానీ సర్దుకోకపోతే, మలంలో రక్తం కనిపిస్తే, బియ్యం కడిగిన నీళ్లలా పోతుంటే, తాగింది ఏదీ కడుపులో నిలవకపోతే ఇంటి వైద్యంతో గంట కూడా ఆలస్యం చేయకూడదు. పిల్ల ఏడ్చి ఏడ్చి ఊరుకుందంటే తగ్గిందని కాదు, నీరసించి ఉండొచ్చు. లేపి చూడండి. దారిలో కూడా చెంచాతో పట్టిస్తూనే ఉండండి.

అతిసారం వార్త వేసిన ప్రతిసారీ "పెద్ద ప్యాకెట్టు = లీటరు బాటిల్, చిన్న ప్యాకెట్టు = 200 మి.లీ." అని ఒక చిన్న బాక్సు వేయమని మనవి. మందుల షాపుల వాళ్లు ఈ రెండు రకాలనూ ఒకే డబ్బాలో కలిపి పెట్టొద్దు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం
విజయనగరం జిల్లా